సమాధుల పక్క గట్టు

మత్తయి గారి పెట్టె నీళ్ళలో తేలింది.

గొయ్యి తవ్వుతుండగానే అడుగున ఊట మొదలైంది. బకెట్లతో తోడారు. తోడినకొద్దీ నీళ్ళు వస్తూనే ఉన్నాయి. పాస్టరు గారు వాక్యం తొందరగా ముగించారు. తాళ్ళతో పెట్టె దింపితే అది మునగలేదు, ఒక పక్కకి ఒరిగి పైకి లేచింది. చివరికి ఆయన అల్లుడు జాషువా, ఇంకొకాయన గోతిలోకి దిగి పెట్టె మీద నిలబడ్డారు. మిగతావాళ్ళు చుట్టూ బురద వేశారు. బతికినన్నాళ్ళూ పరాయివాళ్ళ చేలో వంగి నడుం విరగ్గొట్టుకున్న మనిషిని చచ్చాక సొంతవాళ్ళే తొక్కవలసి వచ్చింది.

ఆయన భార్య కృపావతి అత్త ఏడవలేదు. "ఆయన పక్కన నాకు చోటు ఉంచుకున్నాను గదా. నన్నూ ఇలాగే తొక్కుతార్రా?" అని అడిగింది.

నేను రేచల్‌ని. రొయ్యల షెడ్డులో తలలు తీసే కూలిని. మా పేట కాట్రేనికోన దగ్గర. మా సమాధుల తోటని ఆనుకుని ఒకప్పుడు వరి చేలుండేవి, మధ్యలో నీళ్ళు పోయే బోదె ఉండేది. విజయ్ కుమార్ గారు ఆ చేలన్నీ రొయ్యల చెరువులు చేసి, బోదెకి అడ్డంగా గట్టు పోశారు. అప్పటినుంచి చెరువు ఊట మా తోటలోకి దిగుతోంది, వాన నీరు బయటికి పోవడం లేదు. ఆ గట్టు కోస్తే మా వాళ్ళు పొడినేలలో పడుకుంటారు. కోస్తే చెరువు నీళ్ళు బోదెలోకి పోయి ఆయన రొయ్య పోతుంది. తగవంతా ఇంతే. పిటిషన్లు పెట్టాం, ఆఫీసర్లొచ్చి కొబ్బరి బొండాలు తాగి వెళ్ళారు.

అయినా మాకు ధైర్యంగానే ఉండేది. ఎందుకంటే మాకు జీవరత్నం ఉంది.

జీవరత్నం మా పేట ఆడపడుచు. అమలాపురం కాలేజీలో చదువుతూ చదువుతూ అడవికి వెళ్ళిపోయింది. తుపాకీ పట్టింది. ఆమె ఫొటో పోలీసు స్టేషను గోడ మీద ఏళ్ళ తరబడి ఉంది. జబ్బుపడి బయటికొచ్చి, జైలు చూసి, పేటకి తిరిగొచ్చాక కూడా ఊరుకోలేదు. మా షెడ్డులో కూలి పెంచమని సమ్మె చేయించింది, మా ముందు నిలబడి లాఠీ దెబ్బలు తింది. తర్వాత పార్టీ వాళ్ళు వచ్చి టిక్కెట్టు ఇచ్చారు. జెండా మోసింది మేమే, దండ వేసింది మేమే. మండలాధ్యక్షురాలయ్యింది. పేటకి మంచినీళ్ళ కొళాయి తెచ్చింది, ఆ మాట దాచకూడదు. ప్రచారానికి తిరిగిన కార్లు విజయ్ కుమార్ గారివని మాకు తెలుసు. తెలిసి కూడా, మన పిల్లే కదా అనుకున్నాం.

పాతిపెట్టిన సాయంత్రం చర్చి వరండాలో కూర్చున్నాం.

"ఇంకో పిటిషన్ పెడదావండి. ఈసారి ఫొటోలతో," అన్నారు వరప్రసాదం మాస్టారు. ఆయనది మా పేటే, రిటైరయ్యాక అమలాపురంలో ఇల్లు కట్టుకున్నారు.

"మీరు అమలాపురంలో మంచి చోటు కొనుక్కున్నారు గదండీ, పడుకోడానికి," అంది బేబీ. అది మత్స్యకారుల పేట నుంచి వచ్చి నాతోపాటు షెడ్డులో చేస్తుంది. మా సమాధులతో దానికి పని లేదు. కానీ అదే చెరువు వాళ్ళ బావిని ఉప్పు చేసింది.

చాలాసేపు అరుచుకున్నాం. రొయ్య పోతే షెడ్డులో పని పోతుందని కొందరు, పోతే పోనిమ్మని కొందరు. ఆఖరికి కృపావతి అత్త తేల్చింది. "ఈస్టరు ముందు శనివారం సమాధులకి సున్నం వెయ్యడానికి అందరం పారలట్టుకునే ఎల్తాం గదా. ఆ రోజే గట్టు కోసేద్దాం. పారలెందుకని ఎవడూ అడగడు."

అందరం సరేనన్నాం. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మా పేటలో ఒక రివాజు ఉంది. పెళ్ళైనా చావైనా పేట పెద్దకి చెప్పకుండా ఏ పనీ మొదలుపెట్టరు. జీవరత్నం గెలిచాక ఆ పెద్దరికం ఆమెకే ఇచ్చాం. ఆడదానికి ఇవ్వడం అదే మొదలు. అందుకని శుక్రవారం ఆరాధన అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాం.

అంతా విని, "అత్తా, ఇంకొన్నాళ్ళు ఆగలేరా?" అంది.

"చచ్చినోళ్ళు ఆగుతున్నారమ్మా, నీళ్ళలో," అంది అత్త.

"సరే. రేపు నేనూ వస్తాను," అంది జీవరత్నం. టీ ఇచ్చి పంపింది.

అన్నట్టే వచ్చింది. మేము సున్నం డబ్బాలు, పారలతో తోటలోకి వెళ్ళేసరికి గట్టు మీద నిలబడి ఉంది. ఆమె వెనక పోలీసులున్నారు.

"నువ్వే చెప్పేవా రత్నమక్కా?" అని అడిగాను.

"చెప్పేను," అంది. దాచలేదు. "వాళ్ళు ముందే వస్తే మీరు వెనక్కెళ్తారనుకున్నాను. మీరు గట్టు కోసేక వస్తే ఏం జరుగుద్దో నాకు తెలుసు రేచల్. నా పక్కన పడిపోయినవాళ్ళని చూసేను. నేను చూసిన చావులు చాలు. కలెక్టర్ గారితో మాట్లాడతాను, నామీద పాత కేసులింకా ఉన్నాయి, నేనిప్పుడు..."

"మాట్లాడు. మేం పని చూసుకుంటాం," అంది బేబీ.

కృపావతి అత్త గట్టెక్కి మొదటి పార వేసింది. ఆ వెనక మేమందరం వేశాం. నీరు ఒక పాయగా బోదెలోకి దూకింది. ఆ చప్పుడు విన్నాం, అంతే, లాఠీలు పడ్డాయి. బేబీ చెయ్యి విరిగింది. అత్తని చీర పట్టి ఈడ్చారు. జీవరత్నం "కొట్టకండి, ఆడవాళ్ళండీ" అని అడ్డం తిరుగుతూనే ఉంది. ఆమెని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అడవిలో చిక్కని మనిషి కుర్చీలో చిక్కిందని అప్పుడు నాకు అర్థమైంది.

దొరికిన మమ్మల్ని స్టేషనుకి పట్టుకెళ్ళారు. మధ్యాహ్నం ఆమె అక్కడికి వచ్చింది. జామీను తనే ఇస్తానంది. ఎస్సై ఆమెకి కుర్చీ వేయించి, "సంతకం పెట్టేయండి మేడమ్, రేపు పండగ, ఇళ్ళకి పంపేద్దాం," అన్నాడు.

మేము గోడ పక్క బల్ల మీదా, నేల మీదా కూర్చుని ఉన్నాం. కృపావతి అత్త నెమ్మదిగా చెప్పింది.

"అమ్మా రత్నం, నువ్వు అడివిలో ఉన్నప్పుడు మీ అమ్మని ఈ బల్ల మీదే కూర్చోబెట్టేవారు. నీ జాడ చెప్పమని. తోడుగా నేనొచ్చేదాన్ని. కొట్టేరు కూడాను. ఆవిడ ఒక్క మాట చెప్పలేదు."

జీవరత్నం పట్టుకున్న కలం కింద పెట్టింది.

"నీ జామీను మాకొద్దమ్మా. నీకిచ్చిన పెద్దరికం ఇక్కడే దించేస్తున్నాం. ఎల్లిరా."

ఎస్సై ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. ఒక్కరం కూడా ఒప్పుకోలేదు. పిల్లల తల్లులు కూడా ఒప్పుకోలేదు. నాకు భయంగానే ఉంది, ఇంటి దగ్గర పసివాళ్ళున్నారు, షెడ్డులో పని పోయినట్టేనని తెలుసు. అయినా ఆమె సంతకంతో బయటికి నడవడానికి మనసొప్పలేదు. జీవరత్నం లేచి వెళ్ళిపోయింది. ఆమెని చూస్తే కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

జాషువా కిటికీ దగ్గరికొచ్చి, గట్టు మళ్ళీ పూడ్చేశారని చెప్పాడు. ఈసారి ఇంకా ఎత్తుగా పోశారట. తోటలోకి నీరు అప్పుడే ఊరుతోందట. అత్త కళ్ళు మూసుకుంది.

మమ్మల్ని కోర్టుకి తీసుకెళ్ళే వ్యాన్ వచ్చింది. బేబీ విరిగిన చేతిని కొంగుతో మెడకి కట్టుకుని ముందుగా ఎక్కింది. మెట్టు మీద ఆగి ఎస్సైతో, "మళ్ళీ కోస్తామండి. అడగడానికి ఇక పెద్దలెవరూ లేరు మాకు," అంది.

"ఆయ్," అన్నాం మేమందరం, ఎక్కుతూ.