కిటికీ తుడిచిన గుడ్డలు

మా అత్తయ్యకు అబద్ధమాడటం చేతకాదు. చేతనై ఉంటే మా వీధికి ఈ గతి పట్టేది కాదు.

బొగ్గు కరెంటు ప్లాంటు గోడకు ఇవతలే మా ఇళ్లు. పొద్దున లేచేసరికి కిటికీ గట్టు మీద బూడిద పేరుకుని ఉంటుంది. నా కూతురికి ఆయాసం. రెండో చిమ్నీ కూడా కడతామని ప్లాంటువాళ్లు అనగానే వీధి ఆడవాళ్లమంతా ఒక్కటయ్యాం. ఉపన్యాసాలు మాకెక్కడొచ్చు? రోజూ ఒక తెల్ల గుడ్డతో కిటికీ తుడవడం, దాన్ని ఉతక్కుండా దాచడం, అంతే. మాసిన గుడ్డ కంటబడితే ఇల్లు పీకి పందిరేసే అత్తయ్యే అందరికంటే ఎక్కువ దాచింది. మనవరాలంటే ప్రాణం మరి.

కాలుష్యం తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే ప్లాంటువాళ్లకు ఎక్కడలేని శుభ్రం గుర్తొచ్చింది. పొగ తగ్గించారు, బొగ్గు గుట్టలు తడిపారు, మా వీధిలో కూడా నీళ్లు కొట్టారు. ఆ పొద్దున ఏ కిటికీ తుడిచినా గుడ్డ తెల్లగానే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పాతవి ఉన్నాయిగా అత్తయ్యా, అవే చూపిద్దాం," అన్నాను.

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది.

ఆఫీసరు ప్లాంటు మేనేజరును వెంటబెట్టుకుని వచ్చి, మా వరండాలో కూర్చుని పాత గుడ్డలు ఒక్కొక్కటే విప్పి చూశాడు. ముఖం చిట్లించాడు కూడా. నాకు ఆశ పుట్టింది.

"మరి ఇవాళ్టిది?" అన్నాడు.

నేను తెల్లది తీసేలోపే అత్తయ్య వెనక దాచుకున్న నల్లటి గుడ్డ ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేలితో రుద్ది, వాసన చూశాడు.

"ఇది మూకుడు మసి కదమ్మా. నూనె వాసనొస్తోంది."

అత్తయ్య వేళ్లకంటిన మసిని కొంగుతో తుడుచుకుంది. మేనేజరు నవ్వాపుకుంటూ, "మిగతావీ ఇలాంటివే అయ్యుంటాయి సార్," అన్నాడు. ఆఫీసరు గుడ్డలన్నీ పక్కకు నెట్టేసి లేచాడు. ఇన్నాళ్ల మా కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

రెండో చిమ్నీ లేచింది. వీధిలో అత్తయ్యను పలకరించేవాళ్లు లేరు. నేనూ మాట్లాడటం మానేశాను. అమాయకత్వానికైనా ఒక హద్దుండాలి కదా అని నా కోపం.

నిన్న సాయంత్రం పాపకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఊపిరందక పెదాలు నీలం తిరిగాయి. మందు మాస్కు పెట్టి, వీపు రాసి, కాస్త తెరిపిన పడ్డాక నేను గోడకు చేరగిలబడ్డాను. అత్తయ్య మాస్కు తీసి పిల్ల ముక్కు తుడిచింది. ఆ గుడ్డను దీపం కిందికి తీసుకెళ్లి చూసుకుంది. తర్వాత తప్పు చేసినదానిలా నా దగ్గరికొచ్చి దాన్ని విప్పి పట్టుకుంది. మధ్యలో నల్లటి చార.

"ఇది నేను పూసింది కాదే అమ్మాయ్," అంది. "కావాలంటే వాసన చూడు."