జడ్జి ప్రెంటిస్ చేతిరాత

మా అన్న అబైజా ప్రెంటిస్ ఉత్తరాల్లో ఎప్పుడూ మూడే ఉండేవి: తేదీ, పని, సంతకం. కౌంటీ కోర్టులో జడ్జి అయ్యాక పదిహేనేళ్ళలో నాకు రాసినవి రెండు వందల దాకా ఉంటాయి. ఒక్కదాంట్లోనూ ‘ఎలా ఉన్నావు’ అన్న మాట లేదు. నా భార్య పోయిందని కబురు రాస్తే, ‘తొమ్మిదో తారీఖు ఉత్తరం అందింది. విచారకరం. అడవి సరిహద్దు రాళ్ళ సంగతి నువ్వింకా తేల్చలేదు’ అని జవాబు ఇచ్చాడు. నేను నొచ్చుకోలేదు. అన్న తత్వమే అంత.

అలాంటి మనిషి 1806 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం చివర, ‘ఈ చలికి నీ మోకాలు ఎలా ఉంది?’ అని అడిగాడు.

ఆ ఒక్క వాక్యాన్ని కిటికీ వెలుతురులో పెట్టి ముప్పావు గంట చూశాను. నా మోకాలి సంగతి ఆరేళ్ళ కిందట ఒకే ఒక్కసారి, అదీ రాలేకపోవడానికి సాకుగా రాశాను. పోర్ట్స్‌మత్ రేవులో ఓడలకు తాళ్ళు పేనే వృత్తి నాది. పైన కొత్త నార చుట్టి, నడుమ కుళ్ళిన నార పెట్టి అమ్మజూపేవాళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. మోపు విప్పి నడుమ చెయ్యి పెట్టనిదే దేన్నీ కొనను. మా అన్న ఆప్యాయత కూడా నాకు అలాంటి మోపులాగే తోచింది.

మార్చి మొదట్లో ఇంకొకటి వచ్చింది. అమ్మ గుమ్మడికాయ ఉడకబెడితే గిన్నెకు అంటిన మాడును నేను గీక్కుని తినేవాణ్ణని, అది గుర్తుందా అని అడుగుతూ సగం పేజీ. ఆ కిందనే అసలు సంగతి. మా నాన్న మా ఇద్దరి పేరిట ఉమ్మడిగా వదిలిన పైన్ అడవిలో మూడో వంతు మా చెల్లెలు కెజియాకు రాసిద్దామని, నాకు సమ్మతమైతే వెంటనే తెలియజేయమని.

కెజియా పేరు మా ఉత్తరాల్లో పంతొమ్మిదేళ్ళుగా రాలేదు. మా చర్చికి చెందని, ఊరూరా తిరిగే ఒక మెథడిస్టు బోధకుణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయినందుకు నాన్న ఆమెను వీలునామాలోంచి కొట్టేశాడు. నాన్న బతికుండగానే ఆమె తన వాటా అడుగుతూ మనిషిని పంపితే, అప్పటికి ప్లీడరుగా ఉన్న అబైజాయే, చట్టప్రకారం చిల్లపెంకు కూడా రాదని తేల్చి చెప్పాడు. ఇప్పుడు ఆ నోటితోనే ఈ మాటా?

పాత ఉత్తరాలు పది, కొత్తవి రెండు పక్కపక్కన పరిచాను. అక్షరాలు అవే. సన్నగా, కుడివైపు వాలి, చలిలో నడిచే మనుషుల్లా. తేడా సంతకం కింద గీతలో దొరికింది. అన్న గీసే గీత కుడివైపుకు పోయేకొద్దీ సన్నబడి మాయమయ్యేది. కొత్త ఉత్తరాల్లో ఆ గీత చివర లావుగా ఆగిపోయింది. రాసినవారు ‘ఇక్కడికి చాలు’ అని జాగ్రత్తపడినట్టు.

నాకు వెంటనే వదిన డోర్కస్ గుర్తొచ్చింది. అన్నకు రెండో భార్య. పెళ్ళికి ముందు బళ్ళో పంతులమ్మ. చక్కని దస్తూరీ అని చెప్పుకునేవారు.

ఒక ఉచ్చు పన్నాను. ‘సైలస్ మామయ్య బూడిదరంగు గుర్రం నీ భుజం కరిచిన రోజు ఈమధ్య గుర్తొస్తోంది’ అని రాశాను. కరిచింది నన్ను. పదహారు రోజులకు జవాబు వచ్చింది: ‘గుర్రం కరిచింది నిన్ను, నన్ను కాదు. మరిచిపోయావో, నన్ను పరీక్షిస్తున్నావో తెలియదు. యాభై మూడేళ్ళవాడికి రెండూ శోభించవు. కెజియా సంగతికి జవాబు రాయి.’

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మాటలు ముమ్మాటికీ మా అన్నవే, రాత మాత్రం ఆయనది కాదు. కాబట్టి డోర్కస్ ఆయన్ని ఏ మూలో పడేసి, నోట్లోంచి నాలుగు నిజాలు లాగి, వాటి మధ్య తన అబద్ధం పెట్టి పేనుతోందన్నమాట. అలా అనుకున్నాక నాకు పని మీద మనసు నిలవలేదు. ఏప్రిల్ మొదటివారంలో ఊళ్ళ మధ్య తిరిగే స్టేజి బండి ఎక్కాను.

మంచు కరిగే రోజులు. దారంతా ఇరుసుల దాకా బురద. కాంకర్డ్ దాటాక బండి కదలనంది, గుర్రాన్ని బాడుగకు తీసుకున్నాను. అయిదో రోజు అన్న ఉండే హార్ట్‌వెల్ చేరాను. ఆ ఊరి సత్రం నడిపే టార్బెల్ ఇంట్లోనే తపాలా సంచీ కూడా దిగుతుంది. నేనెవరో చెప్పకుండానే అతని దగ్గర సంగతులన్నీ రాబట్టాను.

“జడ్జిగారా? పోయిన అక్టోబరు నుంచీ బెంచీ ఎక్కలేదండి,” అన్నాడతను. “రొమ్ము పడిశం అంటుంది వాళ్ళావిడ. ఆరు నెల్ల పడిశం! నాకైతే రెండ్రోజులు రమ్ము పట్టిస్తే పోద్ది. పాస్టరుగారినే ముందుగదిలోంచి తిప్పి పంపేసింది. ఉత్తరాలు మాత్రం తనే తెచ్చిస్తుంది. పోర్ట్స్‌మత్‌కి ఒకటి, కెనెబెక్ నది వైపు ఒకటి.”

కెనెబెక్ వైపు ఉండేది కెజియా. ఆడవాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. నాకు దారి పొడుగునా ఉన్న చలి ఆ మాటతో వదిలిపోయింది.

తలుపు తీసిన డోర్కస్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అదే నాకు మొదటి సాక్ష్యంగా తోచింది. గుర్రం ఉత్తరం చూసినప్పుడే ‘ఇక వాడు వస్తాడు’ అని అన్న అన్నాడట. ఇప్పుడు నిద్రపోతున్నాడట, లేచేదాకా ఆగమంది. వంటింట్లో కూర్చోబెట్టి చిక్కుడు గింజలూ ఉప్పు పంది మాంసమూ గోధుమరంగు రొట్టే పెట్టింది. ఆ వంటింటి నుంచి వెనకగదికి ఒక తలుపు ఉంది. నేను తింటున్నంతసేపూ ఆమె ఆ తలుపుకూ నాకూ మధ్యనే తిరిగింది.

నేను చెంచా కింద పెట్టాను. “వదినా, ఓ కాగితం మీద అన్న పేరు రాసి చూపించు.”

ఆమె చేతులు తుడుచుకుంది. కలం తెచ్చి, నా కళ్ళెదుటే రాసింది. సన్నటి అక్షరాలు, కుడివైపు వాలు, కింద గీత. గీత చివర లావుగా ఆగింది.

“నేనే రాశాను,” అంది. “పన్నెండేళ్ళు ఆయన ఉత్తరాలకి నకళ్ళు దించింది నేనే కదా. ఆ రాతే నాకు అబ్బింది. నా సొంత దస్తూరీ ఎలా ఉండేదో ఇప్పుడు నాకే గుర్తులేదు.”

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడంతో నాకు ఇంకా మండింది. నోటికొచ్చినవన్నీ అన్నాను. పంతులమ్మ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదన్నాను. కెజియాతో చేతులు కలిపి అడవి కాజేయబోయావన్నాను. చివరికి, “జడ్జి పేరుతో దొంగరాత రాస్తే ఏం శిక్షో ఆ జడ్జినే అడుగుదాం, పద,” అన్నాను.

“అడగండి. కేకలెయ్యక్కర్లేదు. ఆయన చెవులు బానే ఉన్నాయి. కేకలకి ఎప్పుడో లేచుంటారు, మీరన్నవన్నీ వినే ఉంటారు,” అని తలుపు తీసింది.

అన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. ముఖం కుడి సగం జారిపోయింది. నన్ను చూసి నోరు తెరిచాడు. గొంతులోంచి శబ్దం వచ్చింది గానీ అందులో మాట లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఇంత చూశాక కూడా, దేవుడు నన్ను క్షమించాలి, నాకు తట్టిన మొదటి ఆలోచన: ఈయన మాట్లాడలేడు కాబట్టి ఆమె ఏం రాసినా చెల్లుతుంది.

“నువ్వు బయటికి వెళ్ళు వదినా. నేను ఒంటరిగా మాట్లాడాలి.”

ఆమె ఒక చెక్కపలక నా చేతిలో పెట్టి వెళ్ళింది. పిల్లల వాచకంలోంచి అక్షరాల పేజీ చింపి దాని మీద అతికించారు. అన్న ఎడమచేతి వేలితో అక్షరం చూపిస్తే నేను రాసుకోవాలి. ఆ వేలు వణికేది, పక్క అక్షరం మీద పడేది, విసుగ్గా తల ఊపి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అరగంటకు పైగా పట్టింది. కాగితం మీద తేలింది ఇది:

‘ముందు డోర్కస్‌కి క్షమాపణ చెప్పు. తర్వాతే విచారణ.’

ఇది ఎవరూ పేనలేరు. ఇది మా అన్నే. మోకాలు మాట ఎవరిదని అడిగాను. తనదేనని తల ఊపాడు. ఆ ఒక్క వాక్యానికి ఒక ఉదయమంతా పట్టిందని తర్వాత డోర్కస్ చెప్పింది. ఇన్నేళ్ళూ లేని ప్రేమ ఇప్పుడెందుకు వచ్చిందని అడిగాను. అడగకూడదేమో, కానీ అడిగాను. అన్న వేలు మళ్ళీ పలక మీదికి వచ్చింది. ‘పని లేదు. కిటికీ ఉంది. మనుషులు గుర్తొస్తున్నారు.’

వంటింట్లోకి వచ్చి వదినకు క్షమాపణ చెప్పాను. ఆమె పొయ్యి వైపే చూస్తూ, “ఆయన చెప్పమన్నారా, మీరే చెప్తున్నారా?” అంది.

“ఆయన చెప్పమన్నాడు,” అన్నాను. పొయ్యి దగ్గరికి వెళ్ళి, “నేనూ చెప్తున్నాను,” అన్నాను.

“నిజం చెప్పారు. చాలు.”

అంతా ఎందుకు దాచారో అప్పుడు వివరించింది. పక్షవాతం వచ్చినవాళ్ళు రాసిన దస్తావేజులను, మతి స్థిమితం లేదని, అన్నే కోర్టులో ఎన్నో కొట్టేశాడు. ఇప్పుడు తన సంగతి బయటపడితే తన మాటనూ అలాగే కొట్టేస్తారని ఆయనకు భయం. అందులోనూ మొదట అడ్డుపడేది నేనేనని ఆయనకు తెలుసు. అందుకే ముందు నా సమ్మతి కాగితం మీద చేజిక్కించుకోవాలనుకున్నాడు. పదవికి రాజీనామా అక్టోబరులోనే రాయించి పెట్టాడట. నా జవాబు వచ్చిన రోజే అది గవర్నరుకు పోవాలి.

“మరి కెజియా? ఆమెతో ఏం రాస్తున్నావు?”

డోర్కస్ సొరుగులోంచి ఒక ఉత్తరం తీసి ఇచ్చింది. అన్న పేరుతో తను పంపిన ఉత్తరమే, తిరిగొచ్చింది. అడుగున కెజియా చేత్తో మూడు వరుసలు: ‘మా అన్న రాతలో రాస్తున్న మీరెవరో నాకు తెలియదు. ఆయన ఇలాంటి మాటలు రాసే మనిషి కాడు. నా మీద ఇంకెవరూ నవ్వుకోనక్కర్లేదు.’

ఒకే తల్లి పిల్లలం మరి.

మర్నాడు వైద్యుణ్ణీ పాస్టరునూ పిలిపించాను. వాళ్ళిద్దరి ఎదుటా అన్న పలక మీద అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాడు. పాస్టరు ఒక బైబిలు వాక్యం తప్పు చెబితే దాన్ని కూడా దిద్దాడు. కెజియా వాటా రాసిన దస్తావేజు మీద ఎడమచేత్తో గుర్తు పెట్టాడు. నేనూ సంతకం చేసి దాన్ని రిజిస్టరాఫీసుకు పంపాను. రాజీనామా ఆ సాయంత్రం తపాలాలో వెళ్ళింది. నేను పోర్ట్స్‌మత్‌కు తిరిగి వెళ్ళలేదు. పని మేస్త్రీకి అప్పజెబుతూ ఉత్తరం రాసి, పూటకు కొన్ని అక్షరాల చొప్పున మా అన్నతో మాట్లాడుతూ ఉండిపోయాను.

కెజియాకు నేనే స్వయంగా రాశాను. జవాబు లేదు. రెండోసారి రాశాను. దానికీ లేదు.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర బూడిదరంగు గౌను వేసుకున్న ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉంది. కెజియా. భర్త పోయి నాలుగేళ్ళయిందని తర్వాత తెలిసింది. నన్ను దాటుకుని నేరుగా లోపలికి వెళ్ళింది. అన్న కుర్చీ ఎదురుగా నిలబడి, “ముందు రిజిస్టరాఫీసుకి వెళ్ళొచ్చాను,” అంది. “గుమాస్తా చేత పుస్తకం తీయించి నా కళ్ళతో చదువుకున్నాను, నా వాటా రాసుందా అని. ఉంది. అందుకే ఇంట్లోకొచ్చాను.”

అన్న ముఖంలో బాగున్న సగం నవ్వింది. గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. ఆమెకు అది నవ్వని వెంటనే అర్థమయింది. మాకు అర్థం కావడానికి వారాలు పట్టింది. ఆమె టోపీ తీయకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆ రోజు మా ఇంట్లో ఏమీ తినలేదు. సత్రంలో దిగింది. మర్నాడు వచ్చి డోర్కస్ దగ్గర పలక వాడటం నేర్చుకుంది. మూడోరోజు ఇద్దరూ కలిసి బఠాణీలు వలుస్తుంటే విన్నాను, ఒకరి దస్తూరీని ఒకరు వెక్కిరించుకుంటున్నారు. నాతో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట లేదు. పిలిస్తే పేరుతోనే పిలిచేది.

వారం తర్వాత, అన్నకు దుప్పటి సర్ది బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్న నా పక్కన నిలబడింది.

“ఆయన అంటే చట్టం మాట్లాడాడు. ఆయనకి చేతనయింది అదే. నువ్వెందుకు మాట్లాడలేదు రూఫస్? నువ్వు నాతో కలిసి ఆడుకున్నవాడివి.”

పంతొమ్మిదేళ్ళలో దానికి చాలా జవాబులు తయారుచేసి పెట్టుకున్నాను. నాన్న కోపం, అన్న పట్టుదల, నేను దూరాన ఉండటం.

“మాట్లాడితే నా వాటా కూడా పోతుందని,” అన్నాను.

ఆమె బూటు కొసతో మెట్టు మీది మట్టిని పక్కకు నెట్టింది. నేను తలెత్తలేదు.

“అదే అయ్యుంటుందనుకున్నాను,” అంది. “ఇంకేదైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు.” గౌను కుచ్చెళ్ళు సర్దుకుని, నాకు రెండు మెట్లు పైన, కాస్త ఎడంగా కూర్చుంది.