రెండు మెషిన్ల మధ్య మందుల పుస్తకం

ఆ అచ్చు ఆఫీసులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ బూతద్దమే. పేజీలు అచ్చుకి పోయేముందు సరిచూడటం ఆమె పని. అచ్చు కాగితంలో ఒక చుక్క వెంట్రుకవాసి పక్కకి జరిగినా చాలు, దాని అంతు చూసేదాకా వదిలిపెట్టే రకం కాదు. ఆ పేరు పెట్టింది పరాయివాళ్ళెవరూ కాదు, సాక్షాత్తూ సొంత వదిన. ఆవిడ అదే ఆఫీసులో పేజీలు కట్టే గదికి పెద్ద. ఇద్దరూ ఒకే ఇంట్లో తిని, ఒకే బస్సెక్కి వస్తారు. దారి పొడుగునా ఒకరినొకరు దెప్పుకుంటూనే ఉంటారు. చూసేవాళ్ళకి అది పోట్లాటలా ఉంటుంది గానీ, దెప్పుకోని రోజు వచ్చిందంటే ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగాలేదని అర్థం.

ఆ కంపెనీ ఏటా వేసే పుస్తకం ఒకటుంది. ఆస్పత్రుల్లో నర్సులు చేతికందేలా పెట్టుకునే మందుల మోతాదుల పుస్తకం అది. పేజీ నిండా పట్టికలే. మందు పేరు, పెద్దలకు ఎంత, పిల్లలకు ఎంత. ఏ గీత ఎక్కడ పడాలో, ఏ అంకె దేని కింద కూర్చోవాలో చెప్పే ఆదేశాలన్నీ వదిన ఏళ్ళ తరబడి రాసినవే. ఆ ఆదేశాల్ని మెషిన్ ఒక్కసారి చదివి, నమిలి, తనకి మాత్రమే అర్థమయ్యే ఇంకో ఫైలుగా మార్చి పెట్టుకుంటుంది. కంపైల్ చేసిన ఫైలంటే అదే. తర్వాత ఎన్ని వేల పేజీలు కట్టినా ఆ ఫైలు ఒక్కటుంటే చాలు, అసలు ఆదేశాల జోలికి పోనక్కర్లేదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. అసలు ఆదేశాలు ఇప్పుడు లేవు. డిస్కు నిండిపోయిందని వదిన ఒకరోజు సర్దుడు మొదలుపెట్టి, పాత చిత్తుప్రతులనుకుని ఆ ఫోల్డరు మొత్తం ఊడ్చేసింది. మర్నాడు పాత బ్యాకప్పు మీదే తీసిన కొత్త బ్యాకప్పు ఊడ్చిన డిస్కుకే నకలు. కంపైల్ చేసిన ఫైలు మిగిలింది కాబట్టి పుస్తకం నడుస్తూనే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. రుబ్బిన పిండిలోంచి గింజల్ని ఏరడం ఎవరి తరం? ఈ సంగతి వదినకి తెలుసు, బూతద్దానికి తెలుసు. ఇంట్లో అన్నగారికి కూడా తెలియదు. ఆయన కడుపులో మాట దాగదు.

ఇంతలో పాత మెషిన్‌కి కాలం చెల్లింది. విడిభాగాలు దొరకడం లేదు. దాని బదులు కొత్తది వచ్చింది, మహా అయితే చెప్పుల పెట్టెంత ఉంటుంది. రెండింటిదీ ఒక జాతి కాదు. పాతది సంఖ్యల్ని తల నుంచి తోకకి దాచుకుంటే, కొత్తది తోక నుంచి తలకి దాచుకుంటుంది. ఒకదాని మీద కంపైల్ చేసిన ఫైలు రెండోదాని మీద నడవచ్చు, నడవకపోవచ్చు. మేనేజర్ ఇద్దర్నీ పిలిచి విషయం తేల్చేశాడు.

"ఫైలు కొత్తదాని మీద నడిస్తే మంచిదేనమ్మా. నడవకపోతే మాత్రం పుస్తకం బయటి కంపెనీకి ఇచ్చేద్దాం. వాళ్ళు మొదట్నించీ కొత్తగా చేసిస్తామంటున్నారు. పరీక్ష చేసి సంతకం పెట్టాల్సింది మీరే" అన్నాడు బూతద్దంతో.

వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు. పుస్తకం పోతే పేజీల గదిలో ఇక ఆవిడ చేయడానికి క్యాలెండర్లూ విజిటింగ్ కార్డులే మిగులుతాయి. అంతకంటే పెద్ద సంగతి, ఆ పుస్తకం ఆవిడ కన్నబిడ్డలాంటిది. దుకాణంలో మందు కొన్నా అట్ట వెనక అక్షరాలు చూసి, "ఈ గీత నేనైతే ఇలా వెయ్యను" అనే మనిషి.

బూతద్దం పొద్దున్నే పని మొదలుపెట్టింది. కొత్త మెషిన్ ముందు కూర్చుని, ముందు పాతదానిలోకి ఒక కిటికీ తెరిచింది. అంటే కూర్చున్నది కొత్తదాని ముందే అయినా, ఆ కిటికీలో కొట్టిన ప్రతి మాటా వెనక గదిలో ఉన్న పాతదానికి పోతుంది. అక్కణ్ణుంచి ఫైలుని ఇవతలికి తెచ్చుకుంది. పుస్తకంలో అన్ని రకాల పట్టికలూ వచ్చేలా పేజీలు ఏరి, పాతదాని మీద ఒకసారి కట్టించింది. తర్వాత కొత్తదాని వంతు. రెండు కట్టల్నీ పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద ఒకటి వేసి, వెలుతురుకి ఎత్తి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. కంప్యూటర్‌తో పోల్చి చూసినా అదే మాట.

అంత శుభ్రంగా ఏ పరీక్షా ఎప్పుడూ కాలేదు. బూతద్దానికి సంతోషంతో పాటు ఎక్కడో చిన్న నలుసు పడ్డట్టనిపించింది. కానీ ఎదురుగా వదిన గుమ్మం పట్టుకుని నిలబడి, ఊపిరి బిగపట్టి చూస్తోంది. ఆ ముఖం చూసి నలుసుని పక్కకి నెట్టి, "నడిచింది వదినా!" అంది.

వదిన కుర్చీలో కూలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత గదిలో అందరికీ మిఠాయి తెప్పించింది. మేనేజర్ ఒక ముక్క నోట్లో వేసుకుంటూనే పాత మెషిన్‌ని తీసుకుపోయేవాళ్ళకి ఫోను చేశాడు. మర్నాడు పొద్దున వస్తామన్నారు. బూతద్దం రిపోర్టు రాసి, కింద సంతకం పెట్టి, సొరుగులో పెట్టుకుంది. సాయంత్రం పైకి పంపితే సరిపోతుంది.

మధ్యాహ్నం ఇద్దరూ క్యారేజీలు విప్పారు. వదినకి మాట ఆగడం లేదు. నిన్నటిదాకా బిగుసుకుపోయిన మనిషి ఇవాళ గాల్లో తేలుతోంది.

"నువ్వు పుట్టినప్పుడే మీ అమ్మ నీ కళ్ళలో బూతద్దాలు పెట్టి కుట్టేసిందే. నీ నోట మంచిమాట రావడం ఇదే మొదటిసారి."

"మీ ఆయన నోట కూడా అంతేగా వదినా. మా వంశమే అంత."

వదిన పగలబడి నవ్వింది. నవ్వుతూనే వెనక గది వైపు చెయ్యి చూపించింది. "అయినా ఆ ముసలిదానికి ఎంత అసూయో చూశావా? నువ్వు కొత్తదాని మీద పేజీలు కడుతున్నంతసేపూ అది గుర్రుమంటూనే ఉంది. నా గది గోడ అదిరిపోయింది. సవతి వచ్చిందని కుళ్ళు కాబోలు పాపం!"

బూతద్దం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పాత మెషిన్ పని చేసేటప్పుడే గుర్రుమంటుంది. పని లేనప్పుడు కిక్కురుమనదు. కొత్తదాని మీద పరీక్ష జరుగుతుంటే దానికి ఏం పని?

ఎంగిలి చెయ్యి కడుక్కుని వెళ్ళి తెర ముందు కూర్చుంది. రెండు నల్ల కిటికీలు. ఒకటి పాతదానిది, ఒకటి కొత్తదానిది. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి. పొద్దున ఫైలు తేవడానికి తెరిచిన పాతదాని కిటికీ మూయడం మర్చిపోయింది. కొత్తదాని మీద అనుకుంటూ కొట్టినవన్నీ అందులోనే కొట్టింది. పాతదాని మీద ఒకసారి కట్టించి, మళ్ళీ పాతదాని మీదే కట్టించి, రెండూ ఒకేలా ఉన్నాయని మురిసిపోయింది. ఒక మనిషిని తన నీడతోనే పోల్చి, అచ్చం ఒకేలా ఉన్నారని సంతకం పెట్టినట్టు. లోకంలో చుక్కలన్నీ పట్టుకునే బూతద్దం ఇంత గుమ్మడికాయంత తప్పు చేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

పాతదాని కిటికీ మూసేసి, ఈసారి నిజంగా కొత్తదాని మీద పేజీలు కట్టించింది. వెనక గది నిశ్శబ్దంగా ఉంది. పేజీలు చిటికెలో వచ్చాయి.

మొదట చూస్తే బాగానే ఉన్నాయి. అక్షరాలు సరే, గీతలు సరే, అంకెలు సరే. పట్టిక నెత్తిన ఉండే పట్టీ దగ్గర ఆగింది. అందులో 'పెద్దలకు', 'పిల్లలకు' అనే మాటలుంటాయి. వాటి మధ్య ఖాళీ కుంచించుకుపోయి, 'పిల్లలకు' అన్న మాట ఎడమకి జారి పెద్దల అంకెల నెత్తిన కూర్చుంది. తొందరలో ఉన్న నర్సు చూస్తే, పెద్దవాళ్ళ మోతాదే పసిపిల్లకి రాసినట్టుంది.

ఒక పేజీలో కాదు, ప్రతి పట్టిక మీదా అంతే.

"వదినా, ఒకసారి ఇలా రా" అని పిలిచింది. జరిగిందంతా దాచకుండా చెప్పింది. వదిన నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. కాగితాన్ని దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఆ పట్టీ ముందే బిగించి పెట్టేశానే" అంది చివరికి. "పాతది నత్తనడక కదా. పట్టిక పట్టికకీ పట్టీ కొత్తగా కడితే పొద్దుపోయేది. అందుకని ఒక్కసారి కట్టి, తయారుగా ఫైల్లోనే పెట్టేశాను. మిగతావన్నీ ఎప్పటికప్పుడు కడుతుంది, అదొక్కటే ముందే చేసి నిలవ ఉంచినది."

బూతద్దానికి లెక్క తేలిపోయింది. కొత్తది ఆ ఫైలు చదివేటప్పుడు పూర్ణసంఖ్యల్ని తలకిందులు చేసుకుని సరిగ్గానే చదువుకుంటోంది. ముందే బిగించిన పట్టీలో ఖాళీ ఎంత సాగాలో చెప్పే భిన్నం మాత్రం ఉన్నదున్నట్టే వచ్చేసింది. దాన్ని తిప్పాలని ఎవరూ దానికి చెప్పలేదు.

వదినకి అప్పుడే ప్రాణం లేచొచ్చింది. "అంతేగా! పట్టీ ఒక్కటి కొత్తదాని మీద మళ్ళీ కట్టేస్తాను. సాయంత్రానికి అయిపోతుంది. నీ రిపోర్టు నీ సొరుగులోనే ఉంది కదా, దాన్నే పైకి పంపెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఇంకేమేం బిగించి పెట్టావు వదినా?"

వదిన చేతిలో కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"గుర్తు లేదే" అంది. "ఏళ్ళ క్రితం మాట. ఉంటే ఒకటో రెండో ఉండొచ్చు."

"నువ్వు రాసినవి ఉంటే చదివి చెప్పేదాన్ని. అవి లేవు. ఫైలు చూసినా నాకేం తెలియదు. నేను ఏరిన పేజీల్లో పట్టీ బయటపడింది సరే. ఏరని పేజీల్లో ఏముందో?"

"అంత అనుమానమైతే పుస్తకమంతా కట్టించి చూడు."

"మందులు ఏటా మారతాయి. వచ్చే ఏడు కొత్త పట్టిక ఒకటి వస్తుంది, అందులో ఇంకో నిలవ ముక్క జారుతుంది. అప్పుడు ఎవరు చూస్తారు? నర్సు చూస్తుందా? ఆవిడ మనల్ని నమ్మి సూది గుచ్చుతుంది."

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు నా ఇంటి పిల్లవి. ఇంత చిన్న సాయం అడిగితే..."

"నీ ఇంటి పిల్లని కాబట్టే ముందు నీకు చెప్పాను. సంతకం మాత్రం ఉంచలేను."

ఆ మాట బూతద్దం అన్నది ఎవరితోనో కాదు. చిన్నప్పుడు జ్వరం వస్తే తలాపున కూర్చున్న మనిషి, ఈ ఉద్యోగానికి తనని వెంటబెట్టుకుని తెచ్చిన మనిషి. అయినా సొరుగులోంచి రిపోర్టు తీసి, తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. దాన్ని పట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళింది. వదిన వెనకే వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది.

"సార్, పొద్దున పరీక్ష తప్పు. నేను పాతదాని మీదే రెండుసార్లు చేశాను. కొత్తదాని మీద పట్టికల పట్టీ జారిపోతోంది. తప్పు నాది. పాత మెషిన్‌ని అప్పుడే పంపకండి" అంది. వదిన చెరిపేసిన ఆదేశాల మాట మాత్రం ఎత్తలేదు.

మేనేజర్ మందలించాడు, నుదురు రుద్దుకున్నాడు. తర్వాత, మొదట తట్టక అడగని మాట, ఆ పనిలో ఓనమాలు వచ్చినవాళ్ళెవరైనా అడిగే మాటే అడిగాడు. "దీనికింత కంగారెందుకమ్మా? అసలు ఆదేశాలు ఉంటాయి కదా. వాటిని కొత్తదాని మీద మళ్ళీ కంపైల్ చేస్తే సరిపోతుందిగా?"

బూతద్దం కాగితం వైపే చూస్తూ నిలబడింది. వదిన వైపు తిరిగితే తనే చెప్పినట్టవుతుందని భయం. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. వదిన నోటి నుంచి ఏం వస్తుందో తెలియదు.

"లేవు సార్" అంది వదిన. "నేనే చెరిపేశాను. పొరపాటున. చాలా రోజులైంది. భయపడి చెప్పలేదు."

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు, అరిచినా బాగుండేదనిపించింది. "మళ్ళీ రాయగలరా?" అన్నాడు.

"రాయగలను. పాత మెషిన్ ఉంటే, పాత పేజీలు చూసుకుంటూ రాస్తాను."

"ఈ ఏటి పుస్తకం పాతదాని మీదే వేద్దాం. అప్పటిదాకా అది ఉంటుంది. మీరు రాయండి. వచ్చే ఏటి పుస్తకం మీ దగ్గరే ఉంటుందని మాత్రం మాటివ్వలేనమ్మా. పైవాళ్ళకి ఇది చెప్పాలి."

వదిన తలూపి బయటికి వచ్చింది.

సాయంత్రం బస్సులో వదిన కిటికీ పక్క సీట్లో కూర్చుని బయటికే చూసింది. ఇంట్లో అన్నగారు ఇద్దరి ముఖాలూ చూసి, ఈ రోజు తనకి ఏ సలహా అచ్చిరాదని గ్రహించి, పేపరు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. వదిన స్నానం చేసి వచ్చి, వంట చేసి, కంచాలు పెట్టింది. ఆడపడుచుకి వడ్డించింది. రోజూ వడ్డించినంతే వడ్డించింది.

"వదినా, నా మీద కోపమా?"

"ఉంది" అంది వదిన, గరిటె గిన్నెలో పెడుతూ. "చాలా ఉంది. నువ్వు ఆ సంతకం అలాగే ఉంచి ఉంటే, రేపట్నించి ఈ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా నీ చేత మందు పోయించేదాన్ని కాదు. గీత కొట్టేశావు కాబట్టి పోయిస్తాను. కానీ ఇవాళ మాత్రం నాతో మాట్లాడకు."

బూతద్దం తలొంచుకుని తింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగి కంచం మసకబారింది, అయినా పెట్టినదంతా తినేసింది.