మూడో తాళంచెవి

పది గంటలకు తాళాలు మార్చే మనిషి వస్తాడని ప్రభుత్వ సహాయ కేంద్రం నుంచి సందేశం వచ్చింది. కెరిన్ టీ కప్పు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. గోధుమ గాదెల పక్కనున్న ఆ చిన్న ఊళ్లో ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లయిందో. వెనకాల బల్ల దగ్గర కూతురు ఇండీ వెజిమైట్ అనే ఉప్పటి నల్ల ముద్ద రాసిన రొట్టె నములుతోంది. జలుబు చేసిందని ఆ రోజు బడి మానిపించింది.

కిందటి నెలలో భర్త డారెల్ ఆమె గొంతు పట్టుకుని గోడకు నొక్కాడు. తొమ్మిదేళ్ల ఇండీ పక్కింటికి పరుగెత్తి పోలీసులను పిలిపించింది. ఆమెకు రెండు వందల మీటర్ల లోపలికి రాకూడదని కోర్టు డారెల్‌ను ఆదేశించింది. ఇల్లు వదలాల్సింది కొట్టినవాడే కాని దెబ్బలు తిన్న మనిషి కాదని, ఇలాంటి ఇళ్లకు తాళాలు మార్పించే పథకం ఒకటి ప్రభుత్వం పెట్టింది. మంచి పథకమే, ఇందులో వెటకారమేమీ లేదు.

సహాయ కేంద్రంలో ఒకమ్మాయి ఫోనులో నలభై నిమిషాలు ఓపిగ్గా ప్రశ్నలడిగింది. మీ ఆయన ఏం చేస్తాడంటే, తాళాల పని అని కెరిన్ చెప్పింది. నింపుతున్న పత్రంలో ఆ మాటకు చోటు లేదు. ఆ అమ్మాయి ‘సొంత వ్యాపారం’ అన్నచోట నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. చెప్పాను కదా, ఎవరినో దూరపు ఊరి నుంచి పంపుతారులే అనుకుంది కెరిన్.

పదింటికి తెల్ల వ్యాను ఇంటి ముందు ఆగింది. దాని మీద అక్షరాలు రాయించిన రోజు ఆమే దగ్గరుండి చూసింది. డారెల్ దుకాణం ఇంకా మామగారి పేరు మీదే ఉంది. పోస్టు కోడును బట్టి దగ్గరి పనివాణ్ని వెతికిన కంప్యూటరుకు ఆ పేరులో తప్పేమీ కనబడలేదు.

 దిగిన డారెల్ తలుపు కొట్టలేదు. పాత తాళంచెవి అతని దగ్గరే ఉంది. దాంతో తలుపు తీసుకుని లోపలికి వచ్చి, గుమ్మంలో బూట్లు తుడుచుకున్నాడు.

“కంగారు పడకు, కెరిన్. నా అంతట నేను రాలేదు, నన్ను పంపారు” అని కాగితం చూపించాడు. అందులో ఆమె పేరు, చిరునామా, కింద ఎర్రటి అక్షరాల్లో ఒక వాక్యం ఉన్నాయి. దాన్ని అతనే నెమ్మదిగా చదివి వినిపించాడు. “తీవ్ర ప్రమాదంలో ఉన్న మహిళ. వివరాలు ఎవరికీ చెప్పరాదు.”

ఆమె ఇండీని వెనక్కి లాక్కుని ఫోను తీసింది. అతను ఆపలేదు.

“చేసుకో. పోలీసు పక్కూరి నుంచి రావాలి. ఈలోగా నా పని అయిపోతుంది.”

నిజంగానే అయిపోయింది. ముందు తలుపు, వెనక తలుపు, రెండింటికీ ఒకే తాళంచెవి పట్టే కొత్త తాళాల జత. రాలిన చెక్క పొట్టు కూడా ఊడ్చాడు. బల్ల మీద రెండు తాళంచెవులు పెట్టి, కాగితం ముందుకు జరిపి సంతకం పెట్టమన్నాడు. పెట్టింది. ఎందుకు పెట్టిందని అడిగేవాళ్లు అలాంటి మనిషి ఎదుట ఎన్నడూ నిలబడి ఉండరు.

వ్యాను మలుపు తిరిగాక ఆమె చూపు ఆ తాళంచెవుల మీద పడింది. ఆరేళ్లు ఆ దుకాణంలో ఈ జత తాళాల పొట్లాలు కట్టింది తనే. ఒక్కో పొట్లంలో మూడేసి తాళంచెవులు ఉంటాయి.

పోలీసు కోసం ఆగకుండా ఇండీని కారులో కూర్చోబెట్టుకుని పెద్ద ఊళ్లోని సహాయ కేంద్రానికి వెళ్లింది. అక్కడ మెరిడీ అనే పెద్దావిడ ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. ఫైలు తెరిచి నవ్వుతూ చెప్పింది. “తాళాలు మార్చేశారు. మీరు సంతృప్తి చెందారని కూడా రాశారు. ఇంక మీ ఫైలు మూసేయొచ్చు.”

కెరిన్ రెండు తాళంచెవులు ఆమె ముందు పెట్టింది.

“మూడోది మా ఆయన దగ్గరుంది. మార్చింది ఆయనే.”

మెరిడీ ఫైలు మళ్లీ మొదటి నుంచి చదివింది. మూడో పుటలో ‘సొంత వ్యాపారం’ దగ్గర ఆగిపోయింది.

“ఏం వ్యాపారమని చెప్పారు మీరు?”

“తాళాల పని అన్నాను. స్పష్టంగా చెప్పాను.”

సాయంత్రానికి పోలీసులు డారెల్‌ను పట్టుకున్నారు. మూడో తాళంచెవి అతని తాళాల గుత్తిలో, పాతది ఉండే చోటే వేలాడుతోందట. ఆ కబురు విన్నాక మెరిడీ ఆ తల్లీ కూతుళ్లకు మరో చోట గది చూపించి, ఆఫీసుకు తిరిగొచ్చి, అక్కడున్న అందరినీ పిలిచి బల్ల మీద ఆ రెండు తాళంచెవులు పెట్టింది.

“తాళం మార్చామని రాసుకున్నాం. అది ఎవరు మార్చారో చూడలేదు. ఆమె మనకు ముందే చెప్పింది, మన పత్రంలో చోటు లేదని వదిలేశాం. దెబ్బలు తిన్న మనిషి చెప్పే మాట వినకుండా చేసే సాయం కొట్టినవాడి చేతికే చేరుతుంది.”