పళ్ళు వేయని పెయ్య

ప్రొద్దుటూరు పశువుల సంతలో ఎవరూ వయసు అడగరు. పశువు నోరు తెరిచి కింది పళ్ళు చూస్తారు. పాలపళ్ళు ఊడి రెండు పెద్దపళ్ళు వేస్తే ఈడుకు వచ్చినట్టు.

వెంకటసుబ్బమ్మ పెయ్యకు ఈడు వచ్చినా పాలపళ్ళు ఊడలేదు. చాపాడులో పశువుల డాక్టరు అర్చన చూసింది.

"పళ్ళ పని కడుపులోనే మొదలవుతుందమ్మా. రక్తంలో అంతా రాసే ఉంటుంది. ఏది ఎప్పుడు మేలుకోవాలో మాత్రం తల్లి తిన్న తిండి కూడా చెప్తుంది. దీని తల్లి కరువులో చూలుతో ఉంది కదా. ఇప్పుడన్నా మేత బాగా పెట్టు."

మేతే లేదు. వెంకటసుబ్బమ్మ చేనికి నీళ్ళు పక్కచేను రాజశేఖర్ బోరు నుంచి రావాలి. గట్టు తగాదాలో అతను వాల్వు మూసేశాడు. జొన్న ఎండిపోయింది. ఇంటికి ఉన్న ఒక్క ఆధారాన్నీ ఆమె సంతకు తోలుకొచ్చింది.

ఆ పెయ్య నోట్లో వేలు పెట్టినవాళ్ళకు, తాము కడుపులో ఉండగా తమ తల్లి తిన్న తిండి రుచి నాలుకకు తగిలేది. అందుకే కొనేవాళ్ళ కంటే వేలు పెట్టేవాళ్ళే ఎక్కువయ్యారు.

"మాయమ్మ బలపాలు తినిందిరా!" అన్నాడు నాగేంద్ర.

"అందుకేనప్పా నీకు చదువు రాలా. నీ బలపాలన్నీ ఆమే తినేసింది" అన్నాడు దళారి షంషుద్దీన్.

నవ్వుల మధ్యలో రాజశేఖర్ వచ్చాడు. అతనికి పాడి పెయ్య కావాలి.

"ఏమక్కా, అమ్ముతాండావా?"

"నీ దయేగదప్పా."

అతను పెయ్య పెదవి ఎత్తి వేలు పెట్టాడు. పెద్దింటి బిడ్డ, నెయ్యి తగులుతుందని అందరూ అనుకున్నారు.

"జొన్నరొట్టె," అన్నాడతను. "ఒకపక్క మాడింది."

"మీ ఇంట్లో మాడిన రొట్టె యాడిదప్పా?" అన్నాడు షంషుద్దీన్.

రాజశేఖర్ మళ్ళీ వేలు పెట్టాడు. "మాడిందే. పైన ఎర్రగడ్డ కారం."

వెంకటసుబ్బమ్మ పలుపు ఇంకో చేతికి మార్చుకుంది.

"మా అత్తకు ఒక కన్ను కనపడేది కాదప్పా. ఎప్పుడూ ఒకపక్క మాడ్చేది. ఎర్రగడ్డ కారం పూసి పెట్టేది. నేను ఆ ఇంటికి రాకముందు, కక్షల కాలంలో, ఎవరో చూలాలిని గాదె వెనకాల దాచి శానా దినాలు సాకిందంట. ఎవరత్తా అంటే, పేరు చెప్తే దాచినట్టు ఎట్లయితాదే అనేది."

రాజశేఖర్ తల్లి పోయి చాలా ఏళ్ళయింది. ఆమె ఎప్పుడూ మాడిన రొట్టె కావాలని అడిగేదని, నెయ్యి పూసిన రొట్టె పక్కన పెట్టేదని అతనికి గుర్తుంది. నోరు బాగలేదేమో అనుకునేవాడు.

"ధర చెప్పప్పా," అన్నాడు షంషుద్దీన్.

"బేరం లేదు. తోలుకొని పో అక్కా," అన్నాడు రాజశేఖర్.

ఆమె పెయ్యతో ఊరు చేరేసరికి చేని కాలువలో బోరు నీళ్ళు పారుతున్నాయి.

పచ్చిజొన్న మళ్ళీ ఎదిగింది. పెయ్య పాలపళ్ళు ఊడి రెండు పెద్దపళ్ళు వేసింది. రాజశేఖర్ ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి, దాని నోట్లో వేలు పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడతాడు.

"ఇంకా రెండు పళ్ళే అక్కా," అంటాడు.

"రేపు మళ్ళా చూడప్పా," అంటుంది వెంకటసుబ్బమ్మ, పేడ ఎత్తుతూ.