వస్తాదుగారి శుక్రవారం సూది

వీధిలో అందరూ అతన్ని వస్తాదనే పిలుస్తారు. అతనికి ఆ పిలుపు మహా ఇష్టం. జిమ్ములో పదిమందికి బరువులెత్తడం నేర్పుతాడు, నేర్పుతున్నంతసేపూ అద్దంలో తన్ను తానే చూసుకుంటాడు. చొక్కాలు రెండు సైజులు చిన్నవి కొంటాడు. అంత మనిషికీ సూదంటే చచ్చేంత భయం. ఒప్పుకుంటే పరువేం కాను? అందుకని "నాకు నేను పొడుచుకుంటే కోణం కుదరదు" అంటాడు. కోణమట, కోణం!

ఆ కోణం కుదిర్చే పని పెళ్ళాం నెత్తిన పడింది. ఆమె కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. చెయ్యి వణకదు. పైగా పిల్లల కోసం రెండు నెలలుగా తన పొట్టమీద తనే హార్మోను సూదులు పొడుచుకుంటోంది. అంతకుముందు ఏడాదిపాటు మాత్రలు మింగింది. గుడ్డు ఎదగడానికి ఒక మాత్ర, గుడ్డు విడుదలవడానికి ఒక సూది, ఆ తర్వాత పదిహేను రోజులు మరో మాత్ర. తలనొప్పి, కడుపుబ్బరం, ఒళ్ళంతా ఆవిర్లు, ఊరికే ఏడుపు. ఇన్ని పడ్డా నెల తిరిగేసరికి మళ్ళీ మామూలే.

ప్రతి శుక్రవారం పొద్దున్నే వస్తాదు నిక్కరు కాస్త కిందికి దించి, దిండు పళ్ళతో కరుచుకుని మంచం మీద బోర్లా పడుకునేవాడు. జిమ్ములో పెద్ద మాస్టారు తెప్పించి ఇచ్చిన సీసా, అందులో నూనెలాంటి మందు. "నీకు ఆడ హార్మోను, నాకు మగ హార్మోను. ఇద్దరం కష్టపడుతున్నాం కదా" అనేవాడు. ఆమె నమ్మింది. మగ హార్మోను ఎక్కితే మగతనం పెరుగుతుంది, మగతనం పెరిగితే పిల్లలు పుడతారు. ఎవరికైనా అలాగే తోస్తుంది మరి. పొడిచిన చోట దూదితో రుద్ది, "అయిపోయిందండీ, లేవండి" అనేది.

అత్తగారు గుమ్మంలో నిలబడి మురిసిపోయేది. "చూశావా అమ్మాయ్, నీలో లోపానికి వాడు కూడా పొడిపించుకుంటున్నాడు. ఎంత మంచివాడో!" అనేది. ఈమధ్య ఇంకో మాట మొదలుపెట్టింది. "ఈ ఏడాది కూడా ఇంతే అయితే నేను చూస్తూ ఊరుకోను. వాడికి ఇంకో సంబంధం చూస్తా." ఆ మాటకి వస్తాదు "ఊరుకో అమ్మా" అనైనా అనలేదు. ప్రొటీను పొడి డబ్బాలో వేసుకుని గిలక్కొట్టుకుంటూ కూర్చున్నాడు.

పెళ్ళయిన కొత్తలో చేయించుకున్న వీర్యపరీక్ష కాగితం ఒకటి అతని దగ్గరుంది. కోట్లలో కణాలున్నాయని రాసి ఉంది అందులో. దానికి లామినేషన్ చేయించాడు మహానుభావుడు! ఆమెకి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ అతన్ని మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నప్పుడల్లా అదే తీసి బల్లమీద పెట్టేవాడు. ఆమె సూదులు కూడా పనిచెయ్యకపోయేసరికి ఈసారి డాక్టరమ్మ వినలేదు. "కొత్త పరీక్ష లేకుండా ఇంకో సూది రాయను" అని తేల్చేసింది.

కొత్త కాగితం వచ్చింది. ఒక్కటి లేదు. కోట్లు కాదు, వేలు కాదు, ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఏమైనా మందులు వాడుతున్నారా?" అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఏం లేదండీ" అన్నాడు వస్తాదు, గోడమీది క్యాలెండరు చూస్తూ.

"వారం వారం సూది వేసుకుంటారండీ. నేనే వేస్తాను" అంది ఆమె. షాపులో చీటీల మీది సన్నక్షరాలు చదివే అలవాటు కదా, సీసా మీద పేరు గడగడా చెప్పేసింది. "టెస్టోస్టిరాన్."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఎన్నాళ్ళుగా?"

"ఏడాదిన్నర."

"అమ్మా, వృషణాలు ఊరికే పనిచెయ్యవు. మెదడు కింద చిన్న గ్రంథి ఒకటుంది, అది పని చెయ్యమని చెబితేనే చేస్తాయి. బయటి నుంచి హార్మోను దండిగా వచ్చిపడుతుంటే, ఇక చాల్లే అని ఆ గ్రంథి చెప్పడం మానేస్తుంది. రోజూ బయటి నుంచి క్యారియర్ వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఒంట్లో కండ పెరుగుతుంది, లోపల వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్ర కూడా ఇలాగే, పైనుంచి మాట అందకుండా చేసే పనిచేస్తుంది."

అంటే ఏడాదిన్నరగా తన చేత్తో తనే మొగుడికి పిల్లలు పుట్టకుండా మందెక్కిస్తూ, అదే చేత్తో పిల్లల కోసం తన పొట్ట పొడుచుకుంటోందన్నమాట. ఆమెకి కోపం ముంచుకొచ్చింది.

సూది మానేస్తే ఆరునెలలకో ఏడాదికో చాలామందికి మళ్ళీ వస్తాయనీ, త్వరగా రావడానికి మాత్ర ఇస్తాననీ చెప్పి డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. బయటికొచ్చాక వస్తాదు అది చూసి బిత్తరపోయాడు. "ఇది నువ్వు మింగిన మాత్రే కదే! ఆడాళ్ళ మందు నేను మింగాలా? జిమ్ములో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఎవరి మందైతేనేం, పైనుంచి మళ్ళీ మాట అందేట్టు చేస్తుందని చెప్పారుగా."

అతను గొంతు తగ్గించాడు. "సరే గానీ, ఇంట్లో ఈ విషయం చెప్పకు. లోపం నీదేనని అనుకోనీ. నీకెలాగూ అలవాటే కదా."

ఆమెకి అసహ్యం వేసింది. అంత వెడల్పు ఛాతీలో ఇంత పిసరు సిగ్గు లేదే అనుకుంది.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు ఫోనులో తన కూతురితో మాట్లాడుతోంది. "ఇదిగో వచ్చారు. ఏమందట డాక్టరు?" అంది. ఆమె ఫోను అందుకుని స్పీకరు నొక్కింది.

"వదినా, నాకంతా బాగానే ఉంది. మీ తమ్ముడికే వీర్యకణం ఒక్కటీ లేదు. కండల కోసం వేసుకున్న సూది వల్ల పోయాయి. ఇంకో సంబంధం చూసేటట్టయితే ఆ సంగతి కూడా చెప్పి చూడండి."

అత్తగారు కొడుకు వైపు తిరిగింది. వస్తాదు వంటింట్లోకి జారుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. మింగాడు. మొహం చిట్లించి, షాపుకి బయల్దేరుతున్న ఆమెని ఆపాడు.

"ఏమే, దీనివల్ల నాకేమైనా అవుతుందా? తలనొప్పులూ, కడుపుబ్బరం లాంటివి?"

పద్నాలుగు నెలల్లో ఒక్కసారి, ఒక్కసారైనా ఆమెని అడగని ప్రశ్న అది.

"అవుతాయి" అంది.

ఆ సాయంత్రం షాపు నుంచి క్లినిక్కి ఫోను చేసి, తన పేరు మీదున్న తేదీలన్నీ కొట్టెయ్యమంది. మళ్ళీ ఎప్పుడు రాసుకోమంటారని అవతలి అమ్మాయి అడిగింది.

"అతని కణాలు వస్తాయి లెండి. అతనితో నాకు బిడ్డ కావాలన్న కోరిక ఇక రాదు" అంది ఆమె.