చెవి తమ్మెల వీడియో

యాదగిరిగుట్ట మీద మేనకోడలిని ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు ప్రేమ్‌సాగర్. చెవులు కుట్టించాలంటే మేనమామ ఒడే కావాలి. సూది పట్టిన అవుసలాయన పాప చెవి తమ్మెను రెండు వేళ్లతో పట్టుకుని, "మంచిగ వేలాడుతున్నయ్, కమ్మలు కుదురుతయ్" అన్నాడు.

పక్కనే నిలబడ్డ బావ వీరేశం మొహం తిప్పుకున్నాడు.

"ఏమైంది బావా?"

"నా తమ్మెలు చెంపకు అతుక్కున్నయ్. మీ అక్కయి గూడ గంతే. గసొంటోళ్లకు వేలాడే తమ్మెల పిల్లలు పుట్టరని నువ్వే చెప్పినవ్ గదా, వీడియోల."

జన్యువుల మీద ప్రేమ్‌సాగర్ చేసిన వీడియోల్లో జనం ఎగబడి చూసింది అదే. అది అంత సూటి లెక్క కాదని, అలాంటి జంటలకూ ఇలాంటి పిల్లలు పుడతారని తీసేటప్పుడే అతనికి తెలుసు. ఆ ముక్క కలిపితే ఎవరూ చివరిదాకా చూడరని వదిలేశాడు పెద్దమనిషి.

"అది తప్పు బావా. ఇప్పుడే తీసేస్త" అంటూ ఫోన్ అందుకున్నాడు.

సూది దిగగానే పాప కెవ్వుమంది. అక్క శ్రీదేవి బిడ్డను అతని ఒడిలోంచి లాక్కుంది.

"వీడియో తీసేస్తవ్ తమ్మీ. అది చూసినకాంచి ఈయన బిడ్డను ఎత్తుకోలే. గదెట్ల తీసేస్తవ్?"